ముందే పలికిన గొంతు

"ఆపు. ఆ ముక్క మళ్ళీ వెయ్యి," అంది రేడియో ప్రొడ్యూసరు.

సౌండు ఇంజనీరు పాత టేపును వెనక్కి తిప్పాడు. మిల్లు మంటల్లోంచి బతికి బయటపడ్డ కార్మికురాలి గొంతు స్టూడియోలో మళ్ళీ పలికింది: "బయట తాళం వేశారయ్యా." దానికి ఓ క్షణం ముందే అదే మాట గుసగుసగా వినబడింది.

"ఎవరో మాట అందిస్తున్నారు," అంది ఆమె, పక్కనే ఉన్న తండ్రి వైపు చూడకుండా. ఆనాడు మైకు పట్టుకుని ప్రశ్నలు వేసింది ఆయనే.

"నేనంటావా?" ఆయన గొంతు లేచింది. "నా జన్మలో ఎవరి నోట్లోనూ మాట పెట్టలేదు. మూడుసార్లు ప్రసారమైంది ఇది! ఒక్కరైనా వంక పెట్టారా?"

"మరి ఆ గుసగుస దయ్యానిదా, నాన్నా?"

ఇంజనీరు గుసగుస దగ్గర సౌండు పెంచాడు. ఆడగొంతు. అదే జీర.

"ఆవిడ గొంతే, మేడమ్. సార్ తప్పేం లేదు. చుట్టిన టేపు ఏళ్ళ తరబడి కదలకుండా పడుంటే, ఒక పొరలో మాట పక్క పొరకు అంటుకుంటుంది. అదే ముందుగా వినిపిస్తుంది."

ఆమె గుండెల మీంచి బరువు దిగింది. "సారీ నాన్నా" అనబోయి ఆగింది.

"ఎన్నాళ్ళు కదలకుండా?"

"రికార్డు చేసిన రోజు నుంచీ. ఉన్నది ఈ ఒక్క టేపే. డబ్బా సీలు ఇవాళ నేనే చింపాను. దాని మీద సార్ సంతకం కూడా..." ఇంజనీరు నాలిక్కరుచుకున్నాడు.

"మరి మూడుసార్లు ప్రసారమైంది ఏ టేపు, నాన్నా?" అంది ఆమె. టేపు తిరుగుతూనే ఉంది.

"సౌండు కాస్త తగ్గించమ్మా," అన్నాడు తండ్రి, నేల చూస్తూ.

ఆమె చెయ్యి చాచి పెంచింది.