దొరసాని రంగు

“నీలం వెయ్యకపోతే కారు ఇక్కడే పడుండనీ,” అన్నాడు తమ్ముడు.

“పచ్చ వెయ్యకపోతే నేనిందులో కాలు పెట్టను,” అంది అక్క.

ఇద్దరి మధ్యా రంగు డబ్బా పట్టుకుని పెయింటర్ నిలబడిపోయాడు. తమ్ముడికి యాభై అయిదు, అక్కకి యాభై ఏడు. మనవల్ని ఎత్తుకునే వయసులో ఇలా కీచులాడుకోవడానికి కాస్త సిగ్గుండాలి. కానీ చిన్నప్పటి సంగతికొచ్చేసరికి ఎవరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఆ గుండ్రటి వీపు పాతకాలం కారుని తమ్ముడు పదకొండేళ్లు వెతికి పట్టుకొచ్చాడు. అది వాళ్ల నాన్న కారని అతని నమ్మకం. నాన్న ఒక షెడ్డులో మెకానిక్. పిల్లలిద్దరికీ అయిదూ ఏడూ వయసప్పుడు, ఒక్క వేసవి, ఆదివారం ఆదివారం కారు తెచ్చి వీధి చివర హారన్ కొట్టేవాడు. “దొరసాని వచ్చింది, రండర్రా” అనేవాడు. సముద్రం పక్క రోడ్డు మీద పొద్దు వాలేదాకా తిప్పి, ఇంటి ముందు చోటు లేదంటూ మళ్లీ షెడ్డుకి తీసుకుపోయేవాడు. బడులు తెరిచాక దొరసాని రాలేదు. అమ్మేశారు కాబోలనుకున్నారు పిల్లలు.

“నేను నాన్న ఒళ్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నా,” అన్నాడు తమ్ముడు. అప్పుడే అతని కళ్లు సగం మూతలు పడ్డాయి. “నీలం బానెట్. అదెక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మేఘాల్లోకి పోతున్నాం అనుకునేవాణ్ణి.”

“ముక్కు తుడుచుకోవడం కూడా రాని వయసు నీది. నేను వెనక కిటికీ మీద గడ్డం ఆనించి కూర్చున్నా. పచ్చ తలుపు మీద చెట్ల నీడలు పాకుతుంటే కారు, చెట్లు, నేను అన్నీ ఒకటే అయిపోయినట్టుండేది.” ఆమె గొంతు మెత్తబడింది. “నాన్న ఏదో కూనిరాగం తీసేవాడు.”

“అది మాత్రం నిజం,” అన్నాడు తమ్ముడు.

పెయింటర్ వర్క్‌షాపు రేకుల కప్పు కంతల్లోంచి ఎండ పడి, గాల్లో దుమ్ము బంగారంలా తేలుతోంది. అతనికి కూడా ఎక్కడో అలల చప్పుడు వినిపించినట్టయింది. పని చెడుతుందని తల విదిలించాడు.

“అమ్మనడిగితే పోలా,” అంది అక్క.

అమ్మ వచ్చిన దగ్గర్నుంచీ కారు వెనక సీట్లోనే ఉంది. కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎవరో బండి నడుపుతున్నట్టు కాస్త ఊగుతోంది. ఆమె చూపు నెలనెలా మసకబారుతోంది. అది పూర్తిగా పోకముందే నాన్న కారులో ఆమెకి సముద్రం చూపించాలని తమ్ముడి తాపత్రయమంతా.

“రంగు వేశాక చూసి ఆశ్చర్యపోవాలని తెచ్చాను. ఇప్పుడే అడిగితే ఇంకేముంది?”

పెయింటర్ డబ్బా కింద పెట్టాడు. “మీరు కొట్టుకోకండి. అడిగితే కారే చెబుతుంది.”

రంగు గీకే గరుకు వాటర్ పేపరు నీళ్లలో ముంచి, తలుపు మీద రూపాయి బిళ్లంత మేర రుద్దడం మొదలుపెట్టాడు. పైన తెలుపు పోయింది. కింద ఎరుపు తేలింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వంగారు. ఎరుపు కింద మీగడ రంగు వచ్చింది. దాని కింద తుప్పు రంగు పూత, ఆ కింద ఇనుము.

“ఇంకొంచెం రుద్దు,” అన్నాడు తమ్ముడు.

“ఇంకా రుద్దితే చిల్లు పడుద్ది సార్.”

డాష్‌బోర్డు కిందా, తలుపు మడత బందుల వెనకా లైటు వేసి చూశాడు. అక్కడా మీగడ రంగే. “ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇదే. ఈ కారు ఏనాడూ నీలం కాదు, పచ్చా కాదు.”

తమ్ముడు అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. “అయితే ఇది మన దొరసాని కాదు. పదకొండేళ్లు బూడిదలో పోసిన పన్నీరు.”

అప్పటిదాకా కయ్యానికి కాలు దువ్వినావిడే వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. “మరి సీటు కింద పడవ బొమ్మ ఉంది కదరా.”

ఉంది. సీటు కింద అతుకు వేసిన రేకు మీద మేకుతో గీసిన చిన్న పడవ. ఇంట్లో కుర్చీ కాలు అతికినా, స్టవ్ బాగుచేసినా పని పూర్తయిందనడానికి నాన్న గీసే గుర్తు అదే. దాన్ని చూసే తమ్ముడు కారు కొన్నాడు, ఆ రోజు దాని పక్కనే కూర్చుని ఏడ్చాడు కూడా.

“పడవ నాన్నదే. కారేమో కాదంటోంది. నాకేం పాలుపోవట్లేదక్కా,” అన్నాడు.

ఇక ఆశ్చర్యపరచడానికి ఏం మిగిలింది? లేచి వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చుని వెనక్కి తిరిగాడు. అక్క కిటికీలోంచి లోపలికి తల పెట్టింది.

“అమ్మా, నాన్న దొరసానిది ఏ రంగు? నీలమా, పచ్చా?”

అమ్మ కళ్లు తెరవలేదు. సీటు అంచుని చేత్తో నిమిరింది. పెదాల మీద ఎప్పటిదో నవ్వు కదిలింది.

“షెడ్డులో మీ నాన్న బాగుచేసిన ప్రతి కారూ, ఓనరుకి అప్పజెప్పే ముందు ఒక్క ఆదివారం మనదే కదరా. ఇంతకీ నువ్వడిగేది ఏ ఆదివారం సంగతి?”