లకుముకి మామ మెచ్చుకోలు

మడుగులో పరిగె చేపపిల్లలకు ఒక ఆట ఉండేది. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మను ఎగిరి తోకతో తాకి రావాలి. తాకినవాణ్ణి మొనగాడు అనేవాళ్లు. ఆ కొమ్మ మీద లకుముకిపిట్ట కూర్చుని ఉంటుంది. ఆటలో మజా అంతా అదే.

బురదలో ఉండే ముసలి బొమ్మిడాయికి ఇది గిట్టేది కాదు. "మా రోజుల్లో ఇలాంటివాణ్ణి తిక్కలోడు అనేవాళ్లం" అంది.

"నీకు భయం అవ్వా" అన్నాడు వెండిపొలుసు అనే పరిగె. "నేను రెండుసార్లు తాకాను. లకుముకి మామ కదల్లేదు సరికదా, మెచ్చుకున్నాడు."

"ఏమని?"

"మొనగాడివిరా అని. అసలు ఆ మాట ముందు అన్నది మామే. మేం ఆయన దగ్గరే నేర్చుకున్నాం."

బొమ్మిడాయి బురదలోంచి పైకి వచ్చింది. "నిన్ను తినేవాడు పెట్టిన పేరురా అది. వెళ్లొద్దు."

వెండిపొలుసు అప్పటికే ఎగిరాడు.

కాసేపటికి నీళ్ల మీద నాలుగు పొలుసులు తేలాయి. పరిగెలన్నీ చుట్టూ చేరాయి. "మొనగాడిలా పోయాడు" అంది ఒకటి. మిగిలినవి తలలూపాయి. వాడి తల్లి మాత్రం ఆ మాట అనలేదు. "బుజ్జిగా, బుజ్జిగా" అంటూ పొలుసులు ఒక్కొక్కటే ఏరుకుంది.

పైన లకుముకిపిట్ట ముక్కును కొమ్మకు రుద్దుకుని, నీళ్లలోకి ఆప్యాయంగా చూసింది.

"ఈ మడుగులో ఇంక మొనగాళ్లే లేరా?"

మూడు పరిగెలు తలలు పైకెత్తాయి.