నడిమి బల్ల

"కూర్చోండి. ఇక్కడ కుర్చీలకేం కొదవ లేదు," అంది హిల్డా క్రాస్లీ.

మా బ్రిటన్ పార్లమెంటు టీ గదిలో ఒక కొసన పాలకపక్షం బల్లలు, మరో కొసన ప్రతిపక్షాలవి. బోర్డులేమీ ఉండవు. ఎవరి బల్ల ఏదో పుట్టుకతో తెలిసినట్టు వెళ్లి కూర్చుంటారు. యూరప్ కూటమి నుంచి విడిపోయే బ్రెగ్జిట్ ఓటులో ఎదురు తిరిగిందని సొంత పార్టీ అయిన పాలకపక్షం వెలివేసినప్పటినుంచి హిల్డా నడిమి బల్ల దగ్గర ఒక్కతే టీ తాగుతోంది.

ప్రతిపక్షాలవాళ్లు, లేబర్ పార్టీ సభ్యుడు డెరెక్, స్కాట్లాండ్ పార్టీ సభ్యురాలు ఐలా నిలబడే ఉన్నారు.

"ప్రభుత్వాన్ని పడగొడుతున్నాం," గొంతు తగ్గించాడు డెరెక్. "ఎన్నికలయ్యేదాకా తాత్కాలిక ప్రధానిగా మీరుండాలి."

"నేనా? మీ నాయకుడికేమైంది?"

"ఆయన పేరెత్తితే వీళ్లు భగ్గుమంటున్నారు," డెరెక్ ఐలా వైపు చూపించాడు.

"మేం చెప్పిన పేర్లకి మీరు మాత్రం ఊరుకున్నారా?" అంది ఐలా. హిల్డా వైపు తిరిగి, "మీ పేరుకి ఒక్క పార్టీ కూడా అడ్డు చెప్పలేదండీ," అంది.

హిల్డా ముఖం వెలిగింది. "నేనంటే అంత గౌరవమా?"

ఐలా చూపు తప్పించింది. "మీ వెనక ఎవరూ లేరు కదండీ. దిగమన్న రోజు దిగిపోతారని..."

హిల్డా చాలాసేపు కప్పులో చెంచా తిప్పింది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

"సరే. ఒక్క షరతు."

"చెప్పండి, ఏదైనా ఒప్పుకుంటాం!"

"ఇక్కడ, అందరూ చూస్తుండగా, నాతో కూర్చుని ఓ టీ తాగండి."

రెండు కొసల్లోని తలలూ ఇటు తిరిగాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

డెరెక్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"దానికి... పార్టీని అడగాలండీ."