సెల్లార్లో శవాసనం

1971 డిసెంబరు. జర్మనీలోని ఆకెన్‌లో సాయంత్రం కాకుండానే చీకటి పడిపోతోంది. ఫ్యాక్టరీ పనితో నలిగిపోయి, నిద్రకు మొహంవాచిన తోటి ఇంజినీర్లకు భాస్కరమూర్తి ఆఫీసు అయ్యాక కింద సెల్లార్లో యోగా నేర్పుతున్నాడు.

ఆరోజు శవాసనం వేయించి లైటు తీసేశాడు. కాసేపటికి అందరి ఊపిరీ కలిసిపోయి, ఒకే మనిషి పీల్చి వదులుతున్నట్టు వినిపించింది. మొదట సంతోషించాడు.

"ఇక మెల్లగా లేవండి," అన్నాడు జర్మన్‌లో. ఎవరూ కదల్లేదు.

లైటు వేశాడు. అందరూ కళ్లు తెరుచుకుని పైకప్పుకేసి చూస్తున్నారు. ఊపిరి చప్పుడు వినబడుతూనే ఉంది. ఒక్కరి ఛాతీ కూడా కదలడం లేదు.

వాళ్లలో తెలుగువాడు నరసింహం ఒక్కడే. మూర్తి అతని భుజం పట్టుకుని కుదిపాడు.

"నరసింహంగారూ! లేవండి, ఇంటికి పోదాం."

"ఇంటికెళితే పొద్దున్నే మళ్లీ ఆఫీసుకి రావాలి కదండీ," అన్నాడు నరసింహం, పెదవులు కదపకుండానే. "లైటు తీసేయండి. మీరు మాత్రం అలిసిపోలేదూ?"

మూర్తి తలుపుదాకా వెళ్లాడు. మర్నాటి డ్రాయింగులూ, పై అధికారి అరుపులూ గుర్తొచ్చాయి. గడప దాటడానికి కాళ్లు రాలేదు. చెయ్యెత్తి లైటు తీసేశాడు.

చీకట్లో ఊపిరి చప్పుడు ఆగింది. అతను వచ్చి పడుకునేదాకా మళ్లీ మొదలవలేదు.