కాగితంలో లేని కాలు

“ఈ చిలకకి రెండో కాలు కుట్టమని ఎవరు చెప్పారు?”

కుట్టు టీచర్ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. మధ్యాహ్నం మూడు కూడా కాలేదు, అప్పుడే మెడ పట్టేసింది.

కొత్తగా చేరిన పెద్దావిడ ఫ్రేము ఒళ్లో పెట్టుకుని తలెత్తింది.

“చిలక కదమ్మా. రెండు కాళ్లుంటాయి.”

గదిలో ఉన్న మిగతా ఐదుగురూ కిసుక్కున నవ్వారు.

“కాగితంలో ఎన్నున్నాయి పెద్దమ్మా?”

“ఒకటే.”

“మరి? కాగితంలో లేనిది గుడ్డ మీదకి రాకూడదు. ఇక్కడ మొదటి పాఠం అదే.”

టీచర్ చిన్న కత్తెరతో ముడి కత్తిరించి, దారం లాగేసింది. చిలక మళ్లీ ఒంటికాలి మీద నిలబడింది. పెద్దావిడ దాని వైపు జాలిగా చూసింది.

క్లాసు జరిగేది టీచర్ ఇంటి ముందుగదిలోనే. కుషన్ కవర్లు, కర్టెన్ అంచులు, గోడకు తగిలించే బొమ్మలు. వాటన్నిటికీ డిజైన్లు బజారులోని దారాల కొట్టు నుంచి వచ్చేవి. పల్చటి కాగితం మీద ఎవరో బొమ్మ గీసి, గీత పొడవునా సూదితో చిల్లులు పొడిచి ఇస్తారు. కాగితాన్ని గుడ్డ మీద పరిచి నీలం పొడి రుద్దితే చుక్కలు దిగుతాయి. చుక్కల వెంట కుట్టుకుంటూ పోవడమే. ఆ గీసేదెవరో టీచర్ ఎప్పుడూ అడగలేదు. నీళ్లు తాగేవాళ్లు బావి తవ్వినవాడి పేరు అడుగుతారా?

ఒంటికాలి చిలక వచ్చి పదేళ్లయింది. ఆ వీధిలో సగం ఇళ్ల సోఫాల మీద అదే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఇప్పుడు నాలుగు నెలలుగా కొత్త కాగితం లేదు. “మళ్లీ చిలకేనా టీచర్?” అంటూ ఒక్కొక్కరే మానేశారు. పన్నెండు మంది ఐదుగురయ్యారు. కొత్త డిజైన్లు రాకపోతే క్లాసు మూతపడుతుంది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో వంటా, గిన్నెలూ, బట్టలూ పోగా ఆమెకంటూ మిగిలింది ఆ గది ఒక్కటే.

తానే గీసుకోవచ్చు కదా అంటే, అదే ఆమె దాచుకున్న గుట్టు. ఆమె కుట్టు తిరగేసి చూసినా ఏది పైవైపో తెలియదు. పెన్సిల్ ఇస్తే మాత్రం మామిడిపిందె కూడా వంకాయలా వస్తుంది. టీచర్‌కి గీత రాదని తెలిస్తే ఆ ఐదుగురు మాత్రం ఉంటారా?

పెద్దావిడకేమో కుట్టు బొత్తిగా రాలేదు. చెయ్యి వణుకు. సూదిలో దారం ఎక్కించడానికే పావుగంట. అయినా ఊరుకునేది కాదు. ఒకరోజు ఆకు కొస వంచింది. ఇంకోరోజు కాడ సాగదీసింది. టీచర్ ఊడదీస్తూనే ఉంది. మిగతావాళ్లు ఆవిడకి ‘రెండోకాలు పెద్దమ్మ’ అని పేరు పెట్టేశారు. ఆవిడా వాళ్లతో కలిసి నవ్వేది.

నెలాఖరున ఒక సాయంత్రం అందరూ వెళ్లాక ఆవిడ కదల్లేదు. ఫ్రేములు సర్దుతున్న టీచర్‌ని మెల్లగా అడిగింది.

“నువ్వు సొంతంగా ఏమీ గీయవామ్మా?”

టీచర్‌కి ఒళ్లు మండింది. కుట్టు రానివాళ్లు కూడా గుట్టు పసిగట్టేస్తే ఇంకేం మిగిలింది?

“నా సంగతెందుకు పెద్దమ్మా. మీకిది రాదు. ఊరికే కళ్లు పాడుచేసుకోకండి. రేపట్నుంచి రావద్దులెండి.”

పెద్దావిడ ఒళ్లోని ఫ్రేము తీసి టీచర్‌కి అందించింది. “సరేలేమ్మా” అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అలా అన్నందుకు టీచర్‌కి ఆ రాత్రి కాస్త బాధేసింది. తెల్లారేసరికి పనిలో పడి మర్చిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఐదుగురు ముగ్గురయ్యారు.

ఇక లాభం లేదని టీచర్ దారాల కొట్టుకి వెళ్లింది. కొట్టాయన రంగులవారీగా ఉండలు సర్దుతున్నాడు. ఆ గీసేవాళ్లెవరో చెప్పమని, వాళ్లింటికే వెళ్లి కాళ్లావేళ్లా పడతానని అడిగింది.

ఆయన వింతగా చూశాడు.

“అదేంటమ్మా, నీ దగ్గరికే వచ్చిందిగా. నెల్లాళ్లు వచ్చింది.”

టీచర్‌కి ఎవరో అర్థమైంది. అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

చెయ్యి వణుకుతోందనే ఆవిడ గీయడం ఆపేసిందని ఆయన చెప్పాడు. ఒకరోజు కొట్టులో టీచర్ కుట్టిన కవరు చూసిందట. చిలకకి రెండో కాలు గీయడం తానే మర్చిపోయానని, పాపం ఆ పిల్ల పదేళ్లుగా తన తప్పు మోస్తోందని ఒకటే నొచ్చుకుందట.

“ఆవిడ ఇల్లెక్కడ, అన్నా?”

“దగ్గరే. వెళ్లి చూసిరా. కానీ మొన్న గురువారం ఆవిడకి పక్షవాతం వచ్చి మాటా, కుడిచెయ్యీ ఒకేసారి పడిపోయాయి.”

టీచర్ కళ్లు తుడుచుకుంది.

“కుట్టు రావట్లేదని నేనే పంపేశానన్నా.”

కొట్టాయన చేతిలోని దారపుండ పక్కన పెట్టాడు.

“ఆవిడ కుట్టు నేర్చుకోడానికి రాలేదమ్మా. నీకు గీత రాదని ఆ కవరు చూడగానే కనిపెట్టింది, చెయ్యి పూర్తిగా ఆగిపోయేలోపు నీకు నేర్పాలనుకుంది, నేర్పుతానంటూ వస్తే నలుగురిలో నువ్వు చిన్నబోతావని తనే నీ దగ్గర శిష్యురాలిగా చేరింది.”