కోసేసిన కొండ

బస్సు టాపు మీద నుంచి ఫిలిం పెట్టె ధబ్బున నేల మీద పడింది.

"మెల్లగా దించరా! అది వడ్ల మూట కాదు," అని అరిచాడు నాగార్జున.

"ఆత్మకూరు డిపోలో ఎక్కించింది కూడా ఇట్నేలే," అన్నాడు పైనున్న కూలీ.

నాగార్జున ఉదయగిరి సినిమా హాల్లో ఆపరేటరు. పెట్టెలో వచ్చింది ముప్పై ఏళ్ళ కిందటి సినిమా. పట్నాల్లో ఆడలేదు. మిగిలింది ఒకే ప్రింటు, అదీ సినిమాలు అద్దెకిచ్చే ఆత్మకూరు డిపోదే.

ఉదయగిరిలో మాత్రం ఎప్పుడు వేసినా హాలు నిండుతుంది. అందులో హీరోయిన్ బిడ్డను చంకనేసుకుని ఉదయగిరి కొండ మీద నుంచి ఉరుకుతూ దిగుతుంది. ఆ బిట్టు కోసమే ఊరంతా వస్తుంది. ఈలలు సగం హీరోయిన్‌కి, సగం కొండకి.

టికెట్ల కిటికీ దగ్గర ఒక ముసలామె నిలబడింది. పక్కన కోడలు.

"కొండ మీద ఉరికేది ఉండాదా?" అని అడిగింది ముసలామె.

హాలు యజమాని రామనారాయణ నవ్వాడు. "అది లేకుంటే మనోళ్ళు కుర్చీలు ఇరగ్గొడతారవ్వా. ఏ ఊరు మీది?"

"మర్రిపాడు. పుట్టిల్లు ఈ కొండ కిందే. నా పేరు రామలక్ష్మమ్మ."

"ఈ సినిమా తీసేటప్పుడు మా అత్త కొండ మీద మేకలు కాస్తా ఉన్నిందంటన్నా," అంది కోడలు చెంచులక్ష్మి. "పనంతా ఇడిచిపెట్టి రమ్మని నా పానం తీసింది. నీకు చూపించాల, చూపించాల అని ఒకటే గోల."

"అయితే షూటింగు చూసుంటాది!" రామనారాయణ ఛాతీ విరిచాడు. "మద్రాసు నుంచి వచ్చిన పిల్ల. చెప్పుల్లేకుండా ఆ రాళ్ళ మీద ఎట్టా ఉరికింది! మన ఆడోళ్ళ వల్ల అయ్యే పనా?"

"యాడవుద్దిలేన్నా," అంది కోడలు.

రామలక్ష్మమ్మ ఇద్దరినీ ఒకసారి చూసింది. టికెట్లు తీసుకుని లోపలికి నడిచింది.

సినిమా మొదలైంది. తెర నిండా గీతలు, వాన కురుస్తున్నట్టు.

కొండ వచ్చింది. హాలంతా లేచి నిలబడింది. కొండ కొసన హీరోయిన్ బిడ్డను ఎత్తుకుంది.

మరుక్షణం కొండ కింద నిలబడి రొప్పుతోంది.

మధ్యలో ఉరికింది లేదు.

"మా కొండ ఏదిరా!" అని ఎవరో అరిచారు. కుర్చీలు దబదబా మోగాయి.

రామలక్ష్మమ్మ ఆపరేటరు గది మెట్లెక్కింది. "ఏదయ్యా?"

"డిపోలో కోసేసినారవ్వా," అన్నాడు నాగార్జున. "రీళ్ళు నేల మీద ఈడుస్తారు. గీరుకుపోతాయి, తెగతాయి. సరిగ్గా అతికించే ఓపిక లేదు వాళ్ళకి. తెగినకాడికి కోసి పారేస్తారు."

"యాడ పారేస్తారు?"

ఇన్నేళ్ళలో నాగార్జునను ఆ మాట ఎవరూ అడగలేదు.

జనం హాలు తగలబెట్టకముందే పెట్టె తిరిగిచ్చేయమన్నాడు రామనారాయణ. మర్నాడు నాగార్జున ఆత్మకూరు బస్సెక్కాడు. రామలక్ష్మమ్మ అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది.

డిపో అంటే ఒక రేకుల షెడ్డు. డబ్బాల్లోంచి రీళ్ళు పేగుల్లా బయటపడి ఉన్నాయి. గుమాస్తా వినోద్ ఒక డబ్బా మీద కూర్చుని దోసె తింటున్నాడు. తీసినవాడికి ఒళ్ళు హూనమవుతుంది, చూసేవాడికి పైకం పోతుంది. మధ్యనున్న డిపో వాడికి పోయేదేమీ లేదు.

"ఏందవ్వా, కోసిన బిట్టు కోసం ఇంత దూరం వచ్చినావా? హీరోయిన్ నీకు చుట్టమా?" అన్నాడు వినోద్.

"కాదు."

"మరి నీకేంది బాధ?"

"కాలు తియ్యి."

వినోద్ కిందికి చూసుకున్నాడు. చెప్పు కింద ఫిలిం నలుగుతోంది.

"ఓయబ్బ! అరిగిపోయిన బొమ్మలకి ఇంత మర్యాదా?" అంటూనే కాలు తీశాడు. "ఆ బిట్టు ఉంటే ఎతికి పంపిస్తాంలే, పో."

పంపలేదు. అలాంటి వాళ్ళు పంపరు.

రామలక్ష్మమ్మ సంతకు వచ్చినప్పుడల్లా హాలు దగ్గర ఆగేది. వచ్చిందా అని అడిగేది. రాలేదంటే వెళ్ళిపోయేది. బతిమాలేది కాదు. కూర్చోమన్నా కూర్చునేది కాదు.

ఒకసారి నాగార్జున ఉండబట్టలేక అన్నాడు. "దానికోసం ఇన్ని తిప్పలెందుకవ్వా? కోడలికి నోటితో చెప్తే పోలా?"

"నోటితో చెప్పను. చూడాల."

ఆ తర్వాత ఆమె రావడం మానేసింది.

ఎండాకాలంలో డిపో నుంచి ఇంకో సినిమా పెట్టె వచ్చింది. లోపల ఒక డబ్బాకు మూత నిలవడం లేదు. తాడు కూడా దండగనుకున్నారు డిపో వాళ్ళు. ఫిలిం ముక్కతో చుట్టి ముడేశారు.

నాగార్జున ముడి విప్పి, ముక్క కొసను వెలుతురుకు పట్టాడు. కొండ. రాళ్ళు. ఎర్ర చీర. చంకలో బిడ్డ.

ఇంక చూడలేదు. తుండుగుడ్డలో చుట్టుకుని మర్రిపాడు బస్సెక్కాడు.

"అత్త పోయిందన్నా. నెల దాటింది," అంది చెంచులక్ష్మి వాకిట్లోనే. "పోయేముందు కూడా అదే మాట, బిట్టు వచ్చిందేమో కనుక్కోమని. ఆ హీరోయిన్ అంటే అంత పిచ్చి ఏందో!"

నాగార్జున గుడ్డ విప్పి ముక్కను ఆమె చేతిలో పెట్టాడు.

"ఎండకి పట్టి మెల్లగా జరుపమ్మా. తెర మీద రెప్పపాటులో పోయేది చేతిలో నిలబడుద్ది."

చెంచులక్ష్మి ఒక్కో బొమ్మా జరిపింది. అన్నిట్లోనూ ఉరికే మనిషి వీపే. ఒక్కచోట మాత్రం కాలు జారి, మొహం ఇటు తిరిగింది.

ఆమె చేయి అక్కడ ఆగింది.

"కొండ దిగింది హీరోయిన్ కాదన్నా," అంది వీధంతా వినబడేలా, "మా అత్త!"