జరగనిది చెప్పే వాక్యం

“ఏడుస్తూ తింటే నూడుల్స్ ఉప్పెక్కుతాయే పిల్లా. ఏమైంది?”

భోజనశాల ఏడో కిటికీలోంచి గిన్నె అందిస్తూ అడిగిందామె. బడి మొత్తానికీ ఆమె ‘ఏడో కిటికీ పిన్ని’. అంతకుమించి ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

షియాంగ్ లింగ్ కళ్లు తుడుచుకుని ఇంగ్లీషు పరీక్ష కాగితం చూపించింది. ‘ఇఫ్ ఐ హాడ్ గాన్’ అని రాసిన చోట ‘హాడ్’ మీద ఎర్రగీత. పైన టీచర్ చేతిరాత: ‘వుడ్ హావ్’.

“నువ్వు రాసిందే రైటు,” అంది పిన్ని. “జరగాల్సింది జరక్కుండా పోతే దాన్ని ఇలాగే చెప్పాలి. పుస్తకం చివర గ్రామర్ పేజీల్లో ఉంటుంది, చూడు.”

“చూపించాను పిన్నీ. ‘పందుల్ని మేపుకునే ఇంటి నుంచి వచ్చి నాకే పాఠం చెప్తావా?’ అంది. క్లాసంతా నవ్వారు. రెండు పీరియడ్లు వరండాలో నిలబెట్టింది.”

పిన్ని గిన్నెలో ఇంకో గుడ్డు వేసింది.

ఆ టీచర్ని ఎదిరించేవాళ్లు ఆ కొండపట్నంలో లేరు. బడి గేటు పక్కన అద్దాల బోర్డులో నిలువెత్తు ఫొటో, కింద బంగారు రంగు అక్షరాలు: ‘ఉత్తమ ఉపాధ్యాయురాలు పెంగ్ యూజెన్’. రోజూ పొద్దున పనికొస్తూ పిన్ని ఆ ఫొటో ముందు కాసేపు ఆగేది. “అగరొత్తులు కూడా తెచ్చుకోవే!” అని తోటి వంటవాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది.

“అసలు నీకు ఇంగ్లీషెలా వచ్చు పిన్నీ?” గుడ్డు కొరుకుతూ అడిగింది లింగ్.

“నీలాగే బడికెళ్లాను. యూనివర్సిటీ పరీక్ష రాశాను. సీటొచ్చినట్టు ఉత్తరం వస్తుందని వేసవంతా వాకిట్లో కూర్చున్నా. రాలేదు. తప్పావన్నారు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ పోయి, ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు బొమ్మ ఎలుగుబంట్లకి కళ్లు కుట్టాను.”

“మళ్లీ చదువుకోవాలనిపించలేదా?”

“అనిపించింది. ఆ మధ్య రాత్రి కాలేజీలో చేరదామని వెళ్లాను.” పిన్ని కిటికీ గట్టు తుడవసాగింది. “చేర్చుకోలేదు.”

ఎందుకు చేర్చుకోలేదో ఆమె చెప్పలేదు. అక్కడి గుమాస్తా కంప్యూటర్లో చూసి ఒక్క మాటన్నాడు. ఆ మాట విన్న వారానికే ఆమె ఫ్యాక్టరీ మానేసి, సగం జీతానికి ఈ వంటశాలలో చేరింది.

మర్నాడు మధ్యాహ్నం పెంగ్ టీచర్ స్వయంగా ఏడో కిటికీ దగ్గరికి వచ్చింది. వరసలో ఉన్న పిల్లలు పక్కకి తప్పుకున్నారు.

“నా క్లాసు పిల్లకి గ్రామర్ చెప్తున్నావట! గరిటె తిప్పే చేతికి చాక్‌పీసు కావాల్సొచ్చిందా?”

“తప్పయిపోయింది టీచర్.” పిన్ని తలొంచుకుంది. “కారం ఎక్కువ వెయ్యమంటారా?”

“ఇంకోసారి నోరు తెరిచావంటే ఉద్యోగం ఊడుతుంది. జాగ్రత్త!”

పిన్ని ఓపిగ్గా కారం వేసి, ఊరబెట్టిన చిక్కుళ్లు పైన చల్లి, రెండు చేతులతో గిన్నె అందించింది. నోరు తెరవాల్సిన రోజు ఆమె ఎప్పుడో ఎంచుకుంది. నోటీసు బోర్డులో ఆ తేదీ చూసినప్పటి నుంచి ఆమెకి ఆకలి కూడా సరిగ్గా వేయడం లేదు.

ఆ రోజు రానే వచ్చింది: అధికారుల ముందు పెంగ్ టీచర్ చెప్పే ఆదర్శ పాఠం. జిల్లా విద్యాశాఖ నుంచి తనిఖీ అధికారి గూ వచ్చాడు. వెనక బెంచీల నిండా తల్లిదండ్రులు. పిన్ని వేణ్ణీళ్ల ఫ్లాస్కులు మోసుకొచ్చి, వాటిని బల్ల మీద పెట్టి, బయటికి పోకుండా గోడవారగా నిలబడింది.

టీచర్ బోర్డు మీద సగం వాక్యం రాసింది. కళ్లు క్లాసంతా తిరిగి, కావాలనే లింగ్ దగ్గర ఆగాయి.

“లే. పూర్తి చెయ్యి.”

లింగ్ లేచి నిలబడింది. “ఇఫ్ ఐ హాడ్ గాన్ టు కాలేజ్...”

“చూశారా సార్, కొన్ని బుర్రలకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ‘వుడ్ హావ్ గాన్’! కూర్చో!”

“కూర్చోకే లింగ్. నువ్వు చెప్పిందే రైటు,” అంది పిన్ని.

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. ప్రిన్సిపాల్ సగం లేచాడు. అధికారి గూ చెయ్యెత్తి ఆపాడు.

“ఆమె చెప్పింది నిజమే. పెంగ్ టీచర్, ఇది మొదటి ఏడాది పిల్లలకి చెప్పే పాఠం. మీరు ట్రైనింగ్ కాలేజీలో ఏ సంవత్సరం చేరారు?”

“తొంభై ఆరులో సార్. ఏదో కంగారులో...”

“నేనూ ఆ ఏడే సీటు కోసం పరీక్ష రాశాను సార్,” అంది పిన్ని. “షితాన్ ఊరి బడి నుంచి.”

టీచర్ చేతిలో చాక్‌పీసు విరిగింది. “వంటమనిషికి ఇక్కడేం పని? బయటికి పంపండి దీన్ని!” అని అరిచింది. ఆ గొంతు ఉత్తమ ఉపాధ్యాయురాలి గొంతులా లేదు.

పిన్ని తొందరపడలేదు. బెంచీల మధ్య నుంచి నింపాదిగా నడిచింది. ఈ టీచర్ మొహం పాలిపోతే ఎలా ఉంటుందోనని ఏడాదిగా రోజూ ఊహించుకుంది. ఊహకన్నా బాగుంది. ఇంకాస్త చూడాలనిపించి టీచర్ ఎదుట ఆగింది కూడా.

“అబద్ధాలు చెప్తుంది సార్! నమ్మకండి!”

“ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు కదమ్మా,” అన్నాడు అధికారి వింతగా. పిన్ని వైపు తిరిగాడు. “ఇంతకీ మీరెవరు?”

ఆమె తడి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని, “తొంభై ఆరులో ఆ సీటు ఎవరి పేరున వచ్చిందో చూడండి సార్,” అంటూ జేబులోంచి ప్రభుత్వ గుర్తింపు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. తలెత్తి టీచర్ని చూశాడు. కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చదివాడు, ఈసారి పైకి.

“పెంగ్ యూజెన్.”